మంచం ఎవరు బిగించాలి?

కోరుట్లలో ఒక ఇంటి అర్రలో ఆ అట్టపెట్టె నాలుగు రోజులుగా గోడకు ఆనించి ఉంది. ఆరడుగుల పొడవు, ఇద్దరు పట్టుకుంటే గాని కదలనంత బరువు. “మంచం వచ్చింది గని మంచం లేదక్కా” అన్నది ఆ ఇంటామె నవ్వుతూ. పెట్టెలో ఉన్నది మంచమే. కాకపోతే చెక్క పలకలుగా, ఇనుప పట్టీలుగా, ఒక ప్లాస్టిక్ సంచి నిండా మరలుగా ఉంది.

ఆమెకు ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. భర్త చాలా ఏళ్లుగా దుబాయిలో ఉన్నాడు. ఇంట్లో అత్త, మామ, పదో తరగతి చదివే కూతురు. ఆమె బీడీలు చుడుతుంది. పరీక్షలకు చదువుకునే పిల్ల కింద బొంత మీద పడుకుంటున్నదని, బీడీల పైసల్లోంచి కొంత కొంత దాచి, ఫోన్లో బొమ్మ చూసి ఈ మంచం కొన్నది. భర్త పంపిన డబ్బుతో కాదు. ఆ మాట నాకు రెండుసార్లు చెప్పింది. వలస వెళ్లిన వారి కుటుంబాలలో ఖర్చుల నిర్ణయాలు ఎవరు చేస్తారో తెలుసుకోవడానికి వెళ్లిన నాకు అది పనికొచ్చే మాటే. కానీ ఆ రోజు నన్ను పట్టి ఆపింది అట్టపెట్టె.

నాలుగు రోజులుగా ఎందుకు విప్పలేదు? మామకు కంటి ఆపరేషన్ అయింది. మరిది నిజామాబాద్‌లో ఉన్నాడు, పండగకు గాని రాడు. వడ్లాయనను పిలిస్తే “నేను చేసిన సామాను బిగిస్త గని ఎవరో చేసిన దాన్ని నేనెందుకు బిగియ్యాలె” అన్నాడట. పక్కింటి పిల్లవాడు ఆదివారం వస్తానన్నాడు. దుబాయి నుంచి భర్త కూడా ఫోన్లో వీడియో చూసి, తాను వచ్చినప్పుడు చూద్దామన్నాడు. అతను వచ్చేది మరో ఏడు నెలలకు! ఒక మంచం బిగించడానికి అయిదుగురు మగవాళ్ల పేర్లు తలుచుకున్నారు. పెట్టెను కొన్నది ఆమె. బండి మీద నుంచి దించి లోపలికి మోసుకొచ్చింది ఆమె, ఆమె కూతురు. అది విప్పడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ఇద్దరి పేర్లూ ఎవరికీ గుర్తు రాలేదు. వాళ్లకే గుర్తు రాలేదు.

“మనమే చేస్తే?” అన్నాను.

“మనకొస్తదా?” అన్నది.

నాకూ తెలియదు. ఇన్నేళ్లు శ్రమ విభజన గురించి చదివాను, రాశాను, పాఠాలు చెప్పాను. మా ఇంట్లో ఫ్యాను ఆగితే ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తాను. ఆ రోజు సిగ్గుపడి కూర్చున్నాను కిందికి.

మధ్యాహ్నం అన్నాలయ్యాక మొదలుపెడితే దీపాలు పెట్టే వేళ అయింది. పెట్టెలో ఇచ్చిన కాగితంలో ఒక్క అక్షరం లేదు, అన్నీ బొమ్మలే. పలకలకు అంకెలున్న కాగితపు ముక్కలు అంటించి ఉన్నాయి. చెక్క మేకులు వేరు, గుండ్రని బిళ్లల్లాంటి తాళాలు వేరు, పొడుగు మరలు వేరు. ఆరు పలకల మూతి ఉన్న వంకర కీ ఒకటి, చిన్న పానా ఒకటి. తలాపు చెక్కను నిలబెట్టి ఒక పట్టె బిగించాం, రెండో పట్టె బిగించాం. అడ్డపట్టీలు వేయబోతే బెజ్జాలు కలవలేదు. అరగంట కుస్తీ పట్టాక, కాగితాన్ని తిప్పి తిప్పి చూసిన పిల్ల “కుడి పట్టె ఎడమకు పెట్టినం మేడం” అన్నది. పెట్టింది నేనే. మొత్తం విప్పి మళ్లీ బిగించాం.

అక్కడ నేను గమనించింది తల్లి వేళ్లను. రోజూ వందల ఆకులను కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచే వేళ్లు అవి. మర సరిగా ఎక్కుతున్నదో లేదో ఆమెకు చూడకుండానే తెలిసేది. “ఇది అడ్డం పోతున్నదక్కా, తియ్యుండ్రి” అనేది. నేను బలవంతంగా తిప్పి ఒక బెజ్జాన్ని పాడు చేశాను. ఆమె ఒక్కటీ పాడు చేయలేదు. ఇంత నైపుణ్యం ఉన్న చేతులకు “మనకొస్తదా” అన్న ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చింది?

దానికి జవాబు అంతసేపూ గడపలో కూర్చుని చూస్తున్న అత్త ఇచ్చింది. “ఆడోళ్లు పానా పడితే ఇంట్ల మగోళ్లు లేరనుకుంటరు” అన్నది. ఆమె కోప్పడుతూ అనలేదు, దిగులుగా అన్నది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల నుంచి మగవాళ్లు గల్ఫ్ దేశాలకు పోవడం మొదలై నాలుగు దశాబ్దాలు దాటింది. ఆ ఇళ్లలో మగవాడు లేకపోవడం అన్నది అందరికీ తెలిసిన విషయమే అయినా, బయటికి కనిపించకూడని విషయం కూడా. పొలం కౌలుకిచ్చేది, బ్యాంకుకు పోయేది, అప్పు తీర్చేది, పిల్లల బడికి పోయేది ఆడవాళ్లే. వాటినన్నింటినీ “ఆయన చెప్పిండు, నేను చేసిన” అనే మాట కింద కప్పిపెట్టుకోవచ్చు. చేతిలో పానాను కప్పిపెట్టలేరు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఈ పెట్టె మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో చూడాలి. విడిభాగాలుగా సామాను అమ్మడం కొత్త సంగతి కాదు. 1859లో థోనెట్ కంపెనీ తెచ్చిన వంపు చెక్క కుర్చీని ఆరు చెక్క ముక్కలు, పది మరలు, రెండు నట్లతో చేశారు. విప్పి సర్దితే ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. స్వీడన్‌కు చెందిన ఐకియా 1956 నుంచి ఈ పద్ధతిని తన వ్యాపారానికి పునాది చేసుకుంది. మన దేశంలో ఆ కంపెనీ మొదటి దుకాణం 2018 ఆగస్టు 9న హైదరాబాద్ హైటెక్ సిటీలో తెరుచుకుంది. ఇప్పుడు జగిత్యాలలో ఎవరూ హైటెక్ సిటీ దాకా పోనక్కరలేదు, ఎన్నో కంపెనీల పెట్టెలు గడప దగ్గరికే వస్తున్నాయి. దీనిలో కిటుకు ఏమిటంటే, లారీలో జాగా మిగులుతుంది, గోదాములో జాగా మిగులుతుంది, బిగించే మనిషి కూలి మిగులుతుంది. ఆ చివరి పని మాయం కాలేదు, కొనుక్కున్నవాళ్ల ఇంటికి బదిలీ అయింది. జీతం లేకుండా.

ఇది బీడీలు చుట్టే ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే ఇంకోలా కనిపిస్తుంది. ఈ ప్రాంతపు ఆడవాళ్లకు పని ఇంట్లోకి రావడం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆకు, తంబాకు ఇంటికి వస్తాయి, బీడీలు కట్టలై పోతాయి. షెడ్డు కిరాయి, దీపం ఖర్చు, నడుంనొప్పి చుట్టేవాళ్లవి. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చినా, తాను కార్మికురాలినని రుజువు చేసుకోవడానికి, ఒక పీఎఫ్ కార్డు సంపాదించుకోవడానికి ఎన్ని పోరాటాలు చేయవలసి వచ్చిందో ఈ పత్రిక పాఠకులకు తెలుసు. మరియా మీస్ నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద 1982లో ప్రచురించిన పుస్తకంలో చెప్పింది కూడా ఇదే. ప్రపంచ మార్కెట్టు కోసం రోజంతా అల్లే స్త్రీని “ఇంట్లో ఖాళీగా కూర్చుని ఏదో అల్లుకుంటుంది” అనడం వల్లనే ఆ శ్రమ అంత చవక అయింది. 2019 కాలవినియోగ సర్వే లెక్కలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పని మీద పెడుతున్నారు. ఆ 299కి ఇప్పుడు మంచాలు బిగించడం కూడా కలుపుదామా? పానా పట్టుకోండి అని ఆడవాళ్లకు చెప్పేముందు నన్ను నేను వేసుకున్న ప్రశ్న ఇది. మన మిత్రులు కొందరు ఈ కారణంతోనే నాతో విభేదించారు. “ఇన్ని పనులు చాలవా? అదొక్కటైనా మగవాళ్లను చెయ్యనివ్వండి” అన్నారు.

నేను ఒప్పుకోను. ఎందుకంటే ఇంటిపనులన్నీ ఒక రకం కాదు. అంట్లు తోమిన వాళ్లను ఎవరూ తెలివైన వాళ్లనరు, మంచం బిగించిన వాణ్ణి “చేతిల పనున్నోడు” అంటారు. రోజూ చేసేది, చేశాక కనిపించనిది ఆడపని. ఎప్పుడో ఒకసారి చేసేది, చేశాక నిలబడి ఉండేది, నలుగురికి చూపించుకోగలిగేది మగపని. మిషను కుట్టేది ఆమె, దాన్ని బాగుచేసేది అతను. సిరిసిల్లలో కండెలు చుట్టేది ఆమె, మరమగ్గం ఆగితే విప్పి చూసేది అతను. ఆడవాళ్లు యంత్రాన్ని ముట్టుకోవచ్చు, దాని పానాను ముట్టుకోకూడదు. వంటకు ఒంటికాలి మీద నిలబడేది ఆమె అయినా స్టవ్ బర్నర్ విప్పడానికి మనిషి రావాలి.

ఈ జబ్బు మనదొక్కరిదే అనుకోవద్దు. 2005లో నార్వే ప్రధాని బోండెవిక్, ఐకియా వాళ్ల సూచనల పుస్తకాలలో సామాను బిగిస్తున్న బొమ్మలు మగవాళ్లవే ఉన్నాయని, స్త్రీల బొమ్మ ఎందుకు లేదని బహిరంగంగానే అడిగాడు. ముస్లిం దేశాలలో కూడా అమ్ముకోవాలి కదా అని కంపెనీ వైపు నుంచి జవాబు వచ్చింది. అక్కడ కూడా సమానత్వం గురించి చెప్పడం అవసరమే అని ఆయన వదలలేదు. ఆ తర్వాత 2012లో సౌదీ అరేబియా కోసం అచ్చువేసిన ఐకియా కేటలాగులో ఫొటోల నుంచి స్త్రీలను తుడిచేశారు. స్నానాల గదిలో పిల్లలతో నిలబడి ఉన్న తల్లి స్వీడన్ కేటలాగులో ఉంది, సౌదీ కేటలాగులో లేదు. గొడవయ్యాక కంపెనీ క్షమాపణ చెప్పింది. మన కోరుట్ల మగవాళ్లు బతకపోయింది ఆ దేశాలకే. అక్కడ కేటలాగులో ఆమె కనిపించదు, ఇక్కడ మంచం దగ్గర అతను కనిపించడు.

ఆడవాళ్లకు ఇది రాదు అని నిరూపించే శాస్త్రమూ ఉందంటారు. నార్వేలోనే ట్రోమ్సో యూనివర్సిటీ వాళ్లు 40 మంది స్త్రీలకు, 40 మంది పురుషులకు ఒకే రకం వంటింటి బండిని బిగించమని ఇచ్చారు. పురుషులు త్వరగా బిగించారు. సూచనల కాగితం లేనప్పుడు స్త్రీలు మరీ వెనకబడ్డారు. పత్రికలు దీన్ని పండగ చేసుకున్నాయి. పుట్టినప్పటి నుంచి ఎవరి చేతికి సుత్తి ఇచ్చారు, ఎవరి చేతి నుంచి “దెబ్బ తగుల్తది, పెట్టు” అని లాక్కున్నారు అన్న లెక్క తీయకుండా గడియారం పట్టుకుని కూర్చుంటే ఆ ఫలితమే వస్తుంది. నాకు అందులో పనికొచ్చిన సంగతి ఒకటే. కాగితం చేతికిస్తే తేడా తగ్గుతుంది. అంటే సమస్య మెదడులో కంటే నేర్పించడంలో ఉన్నదని నేను అర్థం చేసుకుంటాను.

నేర్పిస్తే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. ఉత్తరప్రదేశ్ బాందా ప్రాంతంలో 1990ల మొదట్లో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద చదువు రాని దళిత, ఆదివాసీ స్త్రీలు చేతిపంపుల మెకానిక్కులయ్యారు. నీళ్లు మోసే ఆడవాళ్లకు పంపు విప్పే హక్కు లేకపోవడం ఏమిటి అన్న దగ్గర అది మొదలైంది. బరువైన పైపులు పైకి లాగి, వాచర్లు మార్చి, పంపు మళ్లీ నడిపించిన స్త్రీలు, ఆ తర్వాత పంచాయతీలో మాట్లాడడానికి వెనకాడలేదు. అయితే ఒక తేడా మరిచిపోకూడదు. వాళ్లు నేర్చుకున్నది పని. మరమ్మతుకు పైసలు రావాలన్నది కూడా వాళ్ల పోరాటంలో భాగమే.

వడ్లాయన గురించి కూడా ఒక మాట. అతని విసుగును నేను తప్పుపట్టలేను. మంచం కోళ్లకు బెజ్జాలు తొలిచి, పట్టె కొనలు దూర్చి, చిత్రిక పట్టి, మూడు తరాలు నిలబడే టేకు సామాను చేసిన చేతులు అవి. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలకు మరలు బిగించమంటే అతనికి అది పనిలాగా కాదు, అవమానంలాగా తోచి ఉంటుంది. కులవృత్తి పోవడం గురించి బాధపడేవాళ్లు ఆ వృత్తిలో ఆ ఇంటి ఆడపిల్లకు ఉలి ఎప్పుడైనా ఇచ్చారా అన్నది కూడా అడగాలి, కానీ అది వేరే వ్యాసం.

ఇక నాకు అన్నింటికంటే ముఖ్యమైన విషయం. మన దగ్గర మంచం అంటే ఒట్టి మంచం కాదు, పెళ్లి సామాను. మంచం, బీరువా, అద్దాల బల్ల, గిన్నెలు. పిల్ల అత్తవారింటికి పోయేముందు ట్రాక్టరు మీద సామాను పోతుంది. అది ఎవరిది అని అడిగితే “పిల్లకిచ్చినం” అంటారు. కాపురం చెడి పిల్ల తిరిగి వచ్చినప్పుడు తెలుస్తుంది అది ఎవరిదో. జగిత్యాల, సిరిసిల్ల వైపు నేను కూర్చున్న పంచాయితీలలో సామాను వాపసు దగ్గర గంటలు గడిచిపోయేవి. రాసుకున్న కాగితం ఉంటే అది పిల్ల దగ్గర ఉండదు, తండ్రి దగ్గరో అన్న దగ్గరో ఉంటుంది. మంచం కొత్త ఇల్లు కట్టినప్పుడు అర్రలోనే బిగించారు, తలుపులో నుంచి రాదు. “కోసి తీస్కపోండ్రి” అన్న మాట నేను చెవులారా విన్నాను. ఒక అమ్మాయి ఏమీ మాట్లాడకుండా కూర్చుని, లేచేముందు “మంచం ఉండనీయుండ్రి, నా సర్టిఫికెట్లు బీరువాల ఉన్నయి, అవన్న ఇప్పియ్యుండ్రి” అన్నది. బీరువా తాళంచెవి అత్త దగ్గర ఉంది.

చట్టం ఏమంటుందో మన కార్యకర్తలకు తెలుసు, అయినా చెప్పుకోవాలి. వరకట్న నిషేధ చట్టం 1961లోని 6వ సెక్షన్ ప్రకారం కట్నంగా ఎవరు ఏది పుచ్చుకున్నా పెళ్లయిన మూడు నెలల్లోగా ఆ స్త్రీకి అప్పగించాలి, అప్పటిదాకా ఆమె తరఫున భద్రపరచాలి. కానుకల పట్టిక రాసి వధూవరులు సంతకాలు చేయాలన్న నిబంధనలు 1985 అక్టోబరు 2 నుంచి ఉన్నాయి. ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది, స్త్రీధనం అత్తవారింట్లో ఉన్నంత మాత్రాన అది వాళ్లది కాదు, అడిగినప్పుడు ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరమవుతుందని. ఆ నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్ కింద ఉంది. గృహహింస చట్టం 2005లో 19(8) కింద మేజిస్ట్రేటు స్త్రీధనం వాపసు ఇప్పించవచ్చు. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. బతికి ఉన్న కూతురి అనుమతి లేకుండా ఆమె స్త్రీధనాన్ని తిరిగి ఇవ్వమని అడిగే హక్కు తండ్రికి కూడా లేదన్నది. ఆ తీర్పును మన పంచాయితీలలో గట్టిగా చదివి వినిపించాలి. ఎందుకంటే అక్కడ మాట్లాడేది ఇద్దరు వియ్యంకులే. పిల్ల గోడ పక్కన ఉంటుంది.

కట్నానికి పట్టిక రాయమనడమంటే కట్నాన్ని ఒప్పుకోవడం కాదా అని మనలో వాదన ఎప్పటి నుంచో ఉంది. నాకూ ఆ ఇబ్బంది ఉంది. కానీ కాగితం లేనందువల్ల కట్నం తగ్గిన ఊరు ఒక్కటీ నేను చూడలేదు. కాగితం లేనందువల్ల వట్టి చేతులతో తిరిగి వచ్చిన ఆడవాళ్లను చాలామందిని చూశాను.

కోరుట్లలోని ఆ అట్టపెట్టె మీద అంటించిన కాగితంలో ఉన్నది ఆమె పేరు. ఆమె ఇంటిపేరుతో, ఆమె ఫోను నంబరుతో. బిల్లు ఆమె ఫోనులో ఉంది. ఆమె జీవితంలో తన పేరు మీద బిల్లున్న మొదటి పెద్ద వస్తువు అది. దాన్ని ముక్కలుగా ఎలా చేయాలో, మళ్లీ ఎలా నిలబెట్టాలో ఇప్పుడు ఆమెకు తెలుసు. తలుపులో నుంచి రాని మంచం కాదు అది. అయితే ఈ పలకల సంగతి కూడా దాచకూడదు. రెండుమూడుసార్లు విప్పి బిగిస్తే బెజ్జాలు వదులవుతాయి, నీళ్లు తగిలితే ఉబ్బుతాయి. టేకు మంచంతో పోలిక లేదు. పుట్టింటివాళ్లు ఇచ్చిన టేకు మంచం గట్టిది, కానీ దాని మీద హక్కు వదులు. ఈ మంచం వదులుది.

కాబట్టి మన సంఘాలలో కుట్టుమిషను శిక్షణ ఇస్తున్న చోట, మిషను విప్పి బాగుచేయడం కూడా అదే క్లాసులో నేర్పించమని నా కోరిక. స్క్రూడ్రైవరు, పానా, ఎలన్ కీ, చిన్న డ్రిల్లు ఉన్న ఒక పెట్టె సంఘం ఆఫీసులో ఉంటే పెద్ద ఖర్చు కాదు. సంఘం డబ్బుతోనో, సొంత డబ్బుతోనో వస్తువు కొన్న ప్రతి సభ్యురాలూ బిల్లు తన పేరు మీద రాయించుకుని, దాని ఫొటో తన ఫోనులోనూ, సంఘంలో నమ్మకమైన ఇంకొకరి ఫోనులోనూ ఉంచుకోవాలి. పెళ్లి సామాను పట్టిక పిల్ల చేతికే ఇవ్వాలి. ఫిర్యాదు రాయించేటప్పుడు “సామాను” అని ఒక్క మాటతో సరిపెట్టకుండా వస్తువు వస్తువునా రాయించాలి. సర్టిఫికెట్లతో సహా.

ఈ వ్యాసం మొదలుపెట్టేముందు కోరుట్లకు ఫోన్ చేశాను. మంచం నిలబడే ఉంది, పిల్ల పరీక్షలు రాసింది. మామ ముందు అలిగి, తర్వాత పగలు కాసేపు దాని మీదే నడుం వాలుస్తున్నాడట. వంకర కీని బీడీల చాటలో కత్తెర పక్కనే పెట్టుకున్నదట, పోకుండా. వాళ్ల వాడలో ఇంకో ఇద్దరికి పెట్టెలు వచ్చాయి. ఒకరికి బట్టల అల్మారా, ఇంకొకరికి చెప్పుల స్టాండు. తల్లీ కూతుళ్లు పోయి బిగించి వచ్చారు. చెప్పుల స్టాండుకు చాయ్ ఇచ్చారు. అల్మారాకు ఒక పూటంతా పట్టింది, ఆ పూట బీడీలు ఆగిపోయాయి.

“మగమనిషి వస్తే అయిదు వందలిస్తరక్కా. మాకు చీర పెడ్తమన్నరు. పైసలే అడగాల్నా?” అన్నది.